ఇత్తో వదిన నోట రాని పేరు

మా వదిన ఇత్తో మా అన్నయ్య పేరు ఒక్కసారి కూడా పలికి ఎరగదు. మా అట్లాస్ కొండల్లో మర్యాదస్తురాలైన కోడలు మొగుడి పేరు నోట తియ్యదు. అన్నయ్య చేలో ఉంటే, పిలవడానికి గుమ్మంలో నిలబడి టీ కెటిల్ మూత టంగుటంగున కొట్టేది. కూతురు తూడా పుట్టాక "తూడా నాన్నా" అనడం మొదలుపెట్టింది. అన్నయ్యకు అది చాలేది కాదు.

"ఒక్కసారి పేరు పెట్టి పిలవవే, నీ సొమ్మేం పోతుంది?" అని బతిమాలేవాడు.

వదిన తలగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. "ముసలాళ్ళం అయ్యాక పిలుస్తాలే!"

అంతవరకు ఉన్నాడా! మైదానంలో బావి తవ్వడానికి వెళ్ళాడు, మట్టి విరిగి మీద పడింది.

వాళ్ళ పెళ్ళికి ఫాతిహా ప్రార్థన చదివాం, గొర్రెను కోశాం, ఊరంతా తిన్నది. కాగితం మాత్రం రాయించలేదు. కోర్టు కొండ కనుమకు అవతల ఉంది. "మంచు కరగనీ, వెళ్దాం" అనేవాడు అన్నయ్య. మంచు కరిగితే దుక్కులు, ఆ తర్వాత కోతలు, అంతలో మళ్ళీ మంచు. ఆ మాట తలుచుకుంటే చచ్చినవాడి మీద కూడా నాకు ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడు తూడాకు ఊళ్ళో చదువు అయిపోయింది. పట్నం బడిలో చేర్చుకోవాలంటే దాని పుట్టుక నమోదై ఉండాలి. అది జరగాలంటే ముందు దాని అమ్మానాన్నల పెళ్ళిని కోర్టు ఒప్పుకోవాలి. లేకపోతే పిల్ల మేకల వెంట పోవాల్సిందే. ఈ వసంతంలో మొదటిసారిగా జడ్జిగారే కనుమ దాటి మా కొండకు వచ్చారు. సంత ఊరి బడిలో, పిల్లల బల్లల మధ్య కోర్టు పెట్టారు. తూడాను కూడా వెంటబెట్టుకుని వెళ్ళాం.

సాక్షిగా మా హద్దూ బాబాయి లేచాడు. పెళ్ళి ఏ సంవత్సరం జరిగిందని అడిగారు.

"సంవత్సరం ఎవడికి గుర్తయ్యా? గొర్రె గుర్తుంది. బాగా కొవ్వు పట్టింది. నాకు మెడ ముక్క వేశారు, ఆ కోపం ఇంకా ఉంది."

అందరూ నవ్వారు. జడ్జిగారు కూడా నవ్వి, వదిన వైపు తిరిగి అరబ్బీలో ఏదో అడిగారు. గుమాస్తా మా భాషలో చెప్పాడు: "నీ భర్త పేరేంటమ్మా?"

వదిన తల దించుకుంది. "తూడా నాన్న."

"పేరమ్మా, పేరు."

"ఆయనే. మా ఇంటాయన."

నేను ఉండబట్టలేక లేచాను. "అయ్యా, నేను చెప్తాను, ఆయన నా సొంత అన్న."

"నువ్వు కూర్చో," అన్నాడు గుమాస్తా. "ఆమె నోటితోనే వినాలంటున్నారు జడ్జిగారు. మొగుడి పేరే చెప్పకపోతే పెళ్ళి అయిందని ఎలా నమ్మమంటావు?"

ఎలా నమ్మాలా! చెప్పకపోవడమే కదయ్యా మాకు పెళ్ళి అయిందనడానికి గుర్తు! మైదానం మనుషులకు ఇదెలా తెలుస్తుంది? జడ్జిగారు ఫైలు మూయబోయారు. "వదినా, నీకు దణ్ణం పెడతా, తూడా ముఖం చూడు" అన్నాను.

వదిన కూతురి వైపు చూసింది. పెదవులు కదిలాయి.

"జైద్."

"వినపడలేదు, గట్టిగా."

ఈసారి వదిన పిలిచింది. పొలం అవతల ఉన్నవాడిని పిలిచినట్టు, ఇన్నేళ్ళ గొంతంతా పెట్టి, "జైద్!" అని పిలిచింది. పిలిచి, తలుపు వైపు చూసింది. నేనూ చూశాను. గుమాస్తా కూడా వెనక్కి తిరిగాడు.

గుమ్మంలో ఎవరూ లేరు.

జడ్జిగారు ఫైలు మళ్ళీ తెరిచారు. పెళ్ళిని గుర్తిస్తున్నట్టు రాసి సంతకం పెట్టారు. ఇక తూడా పట్నం బడికి వెళ్తుంది.

ఇంటికి నడిచి వస్తుంటే వదిన వెనకబడింది. తిరిగి చూస్తే దారి పక్క రాయి మీద కూర్చుని ఉంది. మెల్లగా ఆ పేరే అనుకుంటోంది, మళ్ళీ మళ్ళీ. దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"ఇప్పుడు నోరు తిరుగుతోంది, ఇజ్జా," అంది నాతో. "ఎవరిని పిలవను?"