పాతబడిన కొత్త జబ్లాలు

2022లో మా ఏలూరు పేరుతో కొత్త జిల్లా వచ్చింది. అంతకుముందు కృష్ణా జిల్లాలో ఉన్న కలిదిండి వైపు ఊళ్ళు మాలో కలిశాయి. కలెక్టరేటు పనిమీద వచ్చినవాళ్ళు ఎలాగూ వచ్చాం కదా అని బజారు కూడా చూసుకుని వెళ్ళేవారు. పాత బస్టాండుకి దగ్గర్లో ఒక సందులో ఉంది మా కొట్టు. పురిటి బిడ్డల దగ్గర్నుంచి ఐదేళ్ళ పిల్లల దాకా కావలసినవన్నీ అమ్ముతాం. మా పుట్టింటివాళ్ళది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం. పెళ్ళయ్యాక ఆ ఘాటు వదిలి ఈ మెత్తటి బట్టల మధ్యకి వచ్చాను. రెండు వ్యాపారాల్లోనూ ఏడుపులు తప్పలేదని మా ఆయన వేళాకోళం చేస్తుంటారు.

మా వ్యాపారంలో ఒక చిక్కుంది. బిడ్డ పుట్టకముందు కొత్త వస్తువేదీ ఇంటికి తేకూడదంటారు. పుట్టాక కూడా ముందు పాతబట్టలే తొడుగుతారు, అదీ చక్కగా ఆరోగ్యంగా పెరుగుతున్న పిల్లలు తొడిగి విడిచినవి. "ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం" అన్న సామెతని మా కొట్టు గుమ్మంలో నిలబడి చెప్పిన పెద్దవాళ్ళు చాలామందే ఉన్నారు. చూలు ఎదురుగా స్టూలు మీద కూర్చునుంటే ఆ సామెత ఎలా కుదురుతుందో నాకర్థం కాదు గానీ, పెద్దవాళ్ళతో వాదిస్తే బేరం పోతుంది. అందుకని వినేసి నవ్వేదాన్ని.

ఈ చిక్కుకి విరుగుడుగా నేను కనిపెట్టిందే హోల్డ్ బ్యాగ్. ఎనిమిదో నెలలో వచ్చి కావలసినవి చూసుకుంటారు. వాటిని ఒక సంచీలో సర్ది, తల్లి పేరు రాసి, పై అరలో పెడతాను. బిల్లు రాయను, అడ్వాన్సు తీసుకోను. అడ్వాన్సు ఇస్తే కొన్నట్టే కదా. కాన్పయ్యాక ఫోన్ చేస్తే సంచీ కిందికి దిగుతుంది. పద్ధతీ చెడదు, నా వ్యాపారమూ చెడదు. ఈ ఏర్పాటు చూసుకుని నేను కొంచెం మురిసిపోయేదాన్ని కూడా.

ఆ ఏడాది వినాయక చవితి వెళ్ళాక ఒక మధ్యాహ్నం అత్తాకోడళ్ళు ఇద్దరు వచ్చారు. అత్తగారు సత్యవతి గారు, కోడలు శిరీష. ఊరు కలిదిండి దగ్గర, చేపల చెరువులున్న కుటుంబం. శిరీషకి ఎనిమిదో నెల. ఏలూరులో డాక్టరుకి చూపించుకుని అటునుంచి అటే వచ్చారు.

డైపర్ల మాట వస్తే నేను మొదట ధర చెప్పను, నీళ్ళ సంగతి అడుగుతాను. కాలవ నీళ్ళున్న ఊరైతే క్లాత్ డైపర్‌కి మించింది లేదు. క్లాత్ డైపర్ అంటే పైన చిన్న చెడ్డీ, లోపల తడి పీల్చుకునే ఇన్సర్ట్, అంటే మందపాటి గుడ్డ మడత. తడిసిన మడత తీసి ఉతికి మళ్ళీ పెట్టుకోవచ్చు. టేప్ డైపర్ అంటే నడుము దగ్గర అంటించి, తడిశాక పారేసేది. ఆ మాటే వాళ్ళకీ చెప్పి అడిగాను.

"మీ ఊళ్ళో నీళ్ళెలా ఉంటాయండీ?"

"ఏం చెప్పమంటారండీ, బోరు నీళ్ళన్నీ ఉప్పు. తాగే నీళ్ళు టిన్నులతో కొనుక్కుంటాం. బట్టలుతికి ఆరేస్తే అప్పడాల్లా బిర్రుగా అయిపోతాయి" అన్నారు సత్యవతి గారు.

"అలా బిరుసెక్కిన గుడ్డ కడితే పసిబిడ్డ ఒళ్ళు ఒరుసుకుపోతుందండీ. మరి పారేసేవి వాడదామంటే చెత్త బండి వస్తుందా మీకు?"

"ఊళ్ళోకొస్తుందండీ. మా ఇల్లు చెరువుగట్టు వైపు, అక్కడిదాకా రాదు. గట్టుమీద పడేస్తే కుక్కలు లాక్కొచ్చి వాకిట్లో పెడతాయి."

ఆవిడే మళ్ళీ, "వాననీళ్ళు పడతానండీ. వరండా చూరు కింద డ్రమ్ములున్నాయి. పిల్ల గుడ్డలకి అవి చాలు. నాకైతే పాత నేతచీరలు చింపి కట్టడమే అలవాటు" అన్నారు.

ఇంతసేపూ శిరీష స్టూలు మీద కూర్చుని చేతులు రెండూ చున్నీలో దాచుకుంది. జబ్లాలు ముందు పరిచాను. జబ్లా అంటే పసిపిల్లలకి ముందువైపు దారాలతో ముడివేసే పల్చటి చొక్కా. కడుపుతో ఉన్నవాళ్ళు ఎవరైనా ముందు దాన్ని అరచేతిలో పెట్టుకుని "ఇంతేనా" అంటారు. ఈ అమ్మాయి దానివైపు చూడనే లేదు. ఏ రంగు కావాలమ్మా అంటే, "మీ ఇష్టమండీ" అంది.

అత్తగారు నన్ను అద్దాల బీరువా పక్కకి పిలిచి, గొంతు తగ్గించి చెప్పారు.

"మొదటి కాన్పుకి ఉంగుటూరు, వాళ్ళ పుట్టింటికి పంపామండీ. వాళ్ళు ముచ్చటపడి ముందే అన్నీ కొనేశారు. తొమ్మిదో నెలలో బిడ్డ దక్కలేదు. తర్వాత ఆ బట్టలన్నీ కొట్లో తిరిగి ఇచ్చేశారట. వాళ్ళు మంచికే చేశారు. కానీ సంచీ గుమ్మం దాటి వెళ్ళడం ఈ పిల్ల చూసింది. ఇప్పుడు డాక్టరు అంతా బాగుందంటున్నారు. అయినా బిడ్డ ఊసే ఎత్తదండీ. ఏం అడిగినా 'చూద్దాం అత్తయ్యా' అంటుంది. పుట్టాకైనా చేతుల్లోకి తీసుకుంటుందో లేదోనని నాకు బెంగగా ఉంది."

నా హోల్డ్ బ్యాగ్ గొప్ప ఆ పూట చిన్నదైపోయింది. సత్యవతి గారే అరడజను జబ్లాలు, కొన్ని గుడ్డలు, ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళకి ఒక టేప్ డైపర్ల ప్యాకెట్టు తీసి పక్కన పెట్టించారు. శిరీష పేరు రాసి సంచీ పై అరలో పెట్టాను. వెళ్ళేటప్పుడు ఆ అమ్మాయి ఒక్కసారి తలెత్తి ఆ అరవైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది.

తర్వాత కొన్నాళ్ళకి మా మేనల్లుడి పెళ్ళికి తాడేపల్లిగూడెం వెళ్ళి, కొట్టు మా ఆయనకి అప్పగించాను. ఆయన సరుకు పట్టడంలో దిట్ట, ఆడవాళ్ళ ఆచారాల విషయంలో మాత్రం శుద్ధ అమాయకుడు. ఆ రోజే శిరీష భర్త రాంబాబు, చెరువులో గాలి కొట్టే ఏరేటరు మోటారు రిపేరుకి ఏలూరొచ్చి, మా కొట్టు ముందు ఆగాడట. "మా ఆవిడ పేరున సంచీ ఉందటండీ" అన్నాడట. ఈయన సంతోషంగా దింపి, బిల్లు కొట్టి, చేతికిచ్చేశారు. సామాను సిద్ధంగా ఉంటే మంచిదేగా అని ఇద్దరు మగవాళ్ళూ అనుకున్నారు. ఇద్దరికిద్దరూ సరిపోయారు.

మర్నాడు పొద్దున్న నేను తిరిగి కొట్టుకి వచ్చేసరికి సత్యవతి గారు ఫోన్ చేశారు.

"సంచీ మా ఇంటికొచ్చేసిందండీ."

"అయ్యో, తెలియక ఇచ్చేశారండీ మా ఆయన. ఏమీ అనుకోకండి. ఎవరిచేతైనా వెనక్కి పంపించెయ్యండి, ఇక్కడే ఉంచుతాను."

"వెనక్కెలా పంపుతామండీ? ఆ పిల్ల కళ్ళముందు మళ్ళీ సంచీ గుమ్మం దాటాలా?"

అప్పుడు తెలిసింది నాకు ఎంత పని జరిగిందో. ఇంట్లో ఉంచితే పద్ధతి కాదు, పంపేస్తే పాత గాయం. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే. శిరీష సంచీ చూసి గదిలోకి వెళ్ళిపోయిందట. అన్నం తినలేదట. రాంబాబు తను చేసిన తప్పేమిటో తెలియక చెరువుగట్టు మీదే తిరుగుతున్నాడట.

"మరేం చేద్దామండీ?" అన్నాను.

"చూస్తానండీ" అని పెట్టేశారావిడ.

ఆ పూటంతా మా ఆయనతో మాట్లాడలేదు. ఆయన రెండుసార్లు కాఫీ తెచ్చిపెట్టారు. అది తాగాను గానీ మాట్లాడలేదు.

మళ్ళీ చెకప్‌కి వచ్చిన రోజున అత్తాకోడళ్ళు కొట్టుకొచ్చారు. చేతుల్లో సంచీ ఏమైనా ఉందా అని ముందు అదే చూశాను. లేదు. శిరీష మెట్లెక్కి, స్టూలు లాక్కుని కూర్చుని, "ఆంటీ, కొంచెం మంచినీళ్ళిస్తారా" అంది. ఆ గొంతు నేను వినడం దాదాపు అదే మొదలు. నీళ్ళిచ్చి, ఏం జరిగిందో చెప్పమన్నట్టు అత్తగారి వైపు చూశాను.

"మా పక్కింట్లో రెండు నెలల పిల్ల ఉందండీ" అని మొదలుపెట్టారావిడ. "బంగారం లాంటి పిల్ల, ఏడుపే తెలీదు. సంచీ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఇవి మీ పిల్లకి ఒక్కసారి తొడగండమ్మా అన్నాను. ఒక జబ్లా తొడగడం, కాసేపు ఆడించడం, తీసి ఇంకోటి తొడగడం. అన్నీ అయ్యేసరికి పిల్ల నిద్రపోయింది. ఇంటికి తెచ్చి వాననీళ్ళలో ఉతికి ఆరేశాను. ఇప్పుడవి కొత్తవెలా అవుతాయండీ? ఒక బిడ్డ తొడిగి విడిచిన బట్టలు. పద్ధతి ప్రకారం పాతబట్టలే మా ఇంట్లో ఉన్నాయి."

ఆచారాన్ని అంత శ్రద్ధగా పాటించి, అంత చక్కగా దాటినవాళ్ళని నేను చూడలేదు.

"మరి గుడ్డలో?"

"అవీ అంతేనండీ. పిల్ల తడిపిపెట్టింది కూడా. ఇంక పాతవి కావని ఎవరంటారు?"

శిరీష నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ రోజు చీర కట్టుకొచ్చింది.

"ఆ టేప్ డైపర్ల ప్యాకెట్టు మాత్రం తేలలేదండీ" అన్నారు సత్యవతి గారు. "దాన్ని ఒకసారి తొడిగితే పారెయ్యాలి. తొడక్కపోతే కొత్తది. దాన్ని పాతది చేసే దారి నాకు కనిపించలేదు. అందుకని ఆ పిల్లకే ఇచ్చేశాను, మా బట్టలు తొడుక్కుని పెట్టినందుకు."

ఇన్నేళ్ళుగా గుడ్డలా డైపర్లా అని ఎంతమందికి చెప్పానో. నీళ్ళు, ఎండ, చెత్తబండి, అన్నీ లెక్కేసి చెప్పేదాన్ని. పాతబడడం చేతనైనదే పురిటింటికి పనికొస్తుందన్న వాదన మాత్రం నాకు ఎప్పుడూ తట్టలేదు.

శిరీష మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టి తనే మాట అందుకుంది.

"వాకిట్లో తీగ మీద ఆరేసింది నాకు గదిలోంచి కనిపిస్తూనే ఉందండీ. చూడకూడదనుకున్నాను. సాయంత్రం చినుకులు మొదలయ్యాయి. అత్తయ్య పెరట్లో ఉన్నారు, ఆయన చెరువు దగ్గర. తడిసిపోతాయేమోనని లేచి వెళ్ళాను. తీసేటప్పుడు కూడా ఏమీ అనుకోలేదు. లోపలికొచ్చి మడతపెడుతుంటే ఒకదాని దారం ఊడి ఉంది. బిడ్డకి చుట్టుకుంటుందేమోనని సూది తెచ్చుకుని కుట్టాను."

గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "బిడ్డకి అని అనుకున్నానండీ అప్పుడు" అంది.

అత్తగారు బీరువాలోని మేజోళ్ళు చాలా శ్రద్ధగా చూడటం మొదలుపెట్టారు. నేను కళ్ళు తుడుచుకున్నాను. మా ఆయన లోపల్నుంచి తొంగిచూసి, తన మీద కోపం తగ్గిందని గ్రహించి, బయటికొచ్చి అందరికీ దండం పెట్టారు.

ఆ రోజు శిరీష ఇన్సర్ట్‌లన్నీ చేత్తో నొక్కి చూసింది. ఎంత పీలుస్తుందో చూస్తానని ఒకదాని మీద గ్లాసులో మిగిలిన నీళ్ళు పోసింది కూడా. తర్వాత కావలసినవి ఎంచి, "ఇవి మాత్రం మీ దగ్గరే ఉంచండి ఆంటీ. అంకుల్‌కి చెప్పండి" అంది.

కాన్పు ఏలూరులోనే అయింది. రాంబాబు ఆస్పత్రి నుంచి ఫోన్ చేసి, "ఆడపిల్లండీ, ఇద్దరూ బాగున్నారు. ఇప్పుడు తీసుకెళ్ళొచ్చాండీ సంచీ?" అని అడిగాడు. పాపం, అంతగా భయపడ్డాడు. కొల్లేరు మీదుగా ఇంటికి వెళ్ళే దారికి టేప్ డైపర్లు కూడా తీసుకెళ్ళాడు. ఇంటి దగ్గర వాననీళ్ళు, పాత నేతచీరలు, క్లాత్ డైపర్లు. ప్రయాణాలకీ, ముసురు పట్టి గుడ్డలారని రోజులకీ పారేసేవి. అవి పడెయ్యడానికి గట్టుకి దూరంగా మూతున్న డబ్బా పెట్టి, ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు చెత్తబండిలో వేసేవాడట. ఇప్పుడు ఎవరడిగినా నేను ఆ ఇంటి పద్ధతే చెబుతాను.

పాపకి మూడో నెల వెళ్ళాక శిరీష వచ్చింది. పాపని నా ఒళ్ళో పడేసి, ఉతికి మడతపెట్టిన ఆ అరడజను జబ్లాలు కౌంటరు మీద పెట్టింది.

"దీనికి చిన్నవైపోయాయి ఆంటీ. తిరిగి ఇవ్వడం కాదు ఇది. కొత్తవి ముట్టుకోవడానికి భయపడేవాళ్ళెవరైనా వస్తే ఇవ్వండి. ఇద్దరు పిల్లలు తొడుక్కున్నవని చెప్పండి."

అంతా కొత్త సరుకే ఉండే మా కొట్లో అప్పట్నుంచి ఒక అర పాతవాటికి ఉంది. వాటికి ధర చీటీ ఉండదు. తీసుకెళ్ళినవాళ్ళు మళ్ళీ తెచ్చి పెడుతుంటారు, వాళ్ళవి ఒకటి రెండు కలిపి. రానున్న బిడ్డకి ముందు కావలసింది తల్లికి కాస్త ధైర్యం. దాన్ని అమ్మడం ఎవరివల్లా కాదు, ఒక చేతినుంచి ఇంకో చేతికి ఇవ్వడమే. ఆ సంగతి నాకు సత్యవతి గారు నేర్పారు.

మొన్నామధ్య ఒకమ్మాయి తల్లితో వచ్చింది. రంగు అడిగితే మీ ఇష్టమంది. చేతులు చున్నీలో దాచుకుంది. నేను కొత్తవి మడిచి పక్కన పెట్టి, ఆ అరలోంచి ఒక జబ్లా తీసి ఇచ్చాను.

"ఇది కొత్తది కాదమ్మా. చాలామంది పిల్లలు తొడుక్కున్నారు. కొందరు బళ్ళకి వెళ్తున్నారు, కొందరు ఇప్పుడే నడుస్తున్నారు, అందరూ అల్లరి చేస్తున్నారు."

ఆ అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. దారం లాగి చూసింది. తర్వాత మెల్లగా పొట్ట మీద పరుచుకుని, "ఇంతేనా" అంది.