గోడ మీద ఎద్దు గుండె

కొత్త ఇంటి హాల్లో వేంకటేశ్వరస్వామి పటం కోసం నేను మేకు కొట్టించి ఉంచుకుంటే, మా అమ్మాయి వచ్చి దానికి గుండెకాయ బొమ్మ తగిలించింది. అయిదు వందల ఏళ్ల కిందట ఇటలీలో ఎవరో మహానుభావుడు గోధుమరంగు సిరాతో గీసిన బొమ్మల నకలట. నల్ల చెక్క ఫ్రేము, పైన అద్దం. హైదరాబాదులో ఇళ్లు అలంకరించడమే మా అమ్మాయి ఉద్యోగం. అక్కడందరూ ఇలాంటివే పెట్టుకుంటున్నారని చెప్పింది. ఎవరి గుండె అని అడిగాను. ఎద్దుదట! కోసి, లోపల చూసి మరీ గీశాడట. నా పుట్టిల్లు మంథని. మడి కట్టుకుని వండే తల్లికి పుట్టి, అన్నం తినే బల్లకు ఎదురుగా ఎద్దు గుండె పెట్టుకోవాలా? రామ రామ. తీసెయ్యమని నేను, ఉండనీ అని మా ఆయన. కూతురు ఏది తెచ్చినా ఆయనకు మహాప్రసాదమే.

ఆయన గోదావరిఖనిలో ఓవర్‌మన్‌గా, అంటే గని లోపల షిఫ్టు పని చూసే మనిషిగా, చేసి రిటైరయ్యారు. భూమి లోపలి బొగ్గు గనిని మేం బాయి అంటాం. మంచి గాలి ఒక దారిన లోపలికి పోవాలి, పాడైన గాలి ఇంకో దారిన బయటికి రావాలి. రెండూ కలవకుండా మధ్యలో తలుపులుంటాయి. అవి సరిగ్గా ఉన్నాయా లేదా అని తిరిగి చూడడం ఆయన డ్యూటీలో ఒక పని. చూసిన ప్రతిచోటా సుద్దముక్కతో తేదీ వేసి సంతకం పెట్టి రావాలి. ఆ సుద్దముక్కలు మాత్రం నావి. నేను బడిలో టీచర్ని. పొద్దున షిఫ్టుకు పోతూ నా సంచిలో చెయ్యిపెట్టి రెండు ముక్కలు జేబులో వేసుకునేవారు. కంపెనీ ఇవ్వదా అంటే, అవి సరిగ్గా రాయవనేవారు. ముప్పై ఏళ్లు నా సుద్దతోనే సంతకాలు పెట్టిన దొంగ ఆయన.

రిటైరైన రెండో ఏడు నుంచి మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. కరీంనగర్‌లో డాక్టరు చూసి, గుండెలోంచి రక్తం బయటికి పోయే చోట కవాటం సరిగ్గా మూసుకోవడం లేదని, పోయిన రక్తం మళ్లీ వెనక్కి కారుతోందని చెప్పాడు. ఆపరేషన్ చేసి మార్చాలి, ఆలస్యం చేస్తే గుండె చేతులెత్తేస్తుందన్నాడు. ఈయన అంతా విని, దండం పెట్టి, ఇంటికొచ్చి తనకేం కాదని కూర్చున్నారు. అమ్మాయి ఫోన్లో ఏడ్చింది. నేను తిట్టాను, అలిగాను, ఒక పూట వంట కూడా మానేశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. మిన్ను విరిగి మీద పడ్డా బెదరని మనిషికి, ఛాతీ కోస్తారంటే భయం. ఆ భయం ఆయన ఒప్పుకోరు. ఈ మొండితనంతో మనిషిని పోగొట్టుకుంటానేమోనని నాకు అన్నం సయించేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆ బొమ్మ చూస్తుంటే ఒళ్లు మండిపోయింది. ఇంట్లో ఉన్న గుండెబాధ చాలదా, గోడ మీద కూడానా? స్టూలెక్కి తీసేయబోయాను. ఆయన ఆగమన్నారు. కళ్లద్దాలు పెట్టుకుని దగ్గరికొచ్చి, అడుగున ఉన్న రెండు చిన్న బొమ్మల మీద వేలు పెట్టారు. ఒక గుండ్రని దారికి మూడు రెక్కల తలుపు. ఒక బొమ్మలో తెరుచుకుంది, ఇంకోదాంట్లో మూసుకుంది.

"ఇది డోరే," అన్నారు. "మా బాయిల డోరును గాలే నూకి మూస్తది. ఈడ గూడ గంతే. ఎనుకకు మర్లిన రక్తమే రెక్కలు మూస్తున్నది. గీసినాయన పని తెలిసినోడు."

నేను స్టూలు మీదే ఉన్నాను. కోపమూ తగ్గలేదు. "మరి మీ బాయిల గిట్ల సగమే మూసుకునే డోరుంటే ఎన్ని దినాలు ఇడిచిపెట్టేటోళ్లు?"

"దినాలా? ఒక్క షిఫ్టు గూడ ఇడువ. లోపట మనుషులుంటరు."

"ఈడ నేను లేనా?"

ఆయన కళ్లద్దాలు తీశారు. చెయ్యి పట్టుకుని నన్ను స్టూలు మీంచి దింపారు. సాయంత్రం చాయ్ తాగుతూ, బట్టలు సర్దమన్నారు.

ఆపరేషన్ హైదరాబాదులో అయింది. థియేటర్ బయట కూర్చున్న ఆ గంటల గురించి రాయడం నా వల్ల కాదు. కొత్త కవాటం లోహంది. రోజూ మాత్రలు వేసుకోవాలి, కొన్ని వారాలు చేతులు పైకెత్తకూడదు, బరువులు మొయ్యకూడదు.

ఇంటికొచ్చిన రోజు ఆయన మంచం దగ్గరికి పోలేదు. మెల్లగా నడిచి బొమ్మ ముందు నిలబడి, నా పాత బడిసంచిలోంచి సుద్దముక్క తెమ్మన్నారు. తెచ్చాను. ఫ్రేము మీద తేదీ వెయ్యమన్నారు. వేశాను. సంతకం పెట్టమన్నారు.

"మీ సంతకం నేనెట్ల పెడత?"

"నాది గాదు, నీది. చూసినోళ్లే పెట్టాలె."

నేనేం చూశానని అడిగాను. ఆయన అంగీ పై గుండీలు రెండు విప్పారు. కుట్లకు తగలకుండా, పక్కగా చెవి ఆనించాను. టిక్, టిక్‌మని చిన్నగా, చేతిగడియారంలా వినిపించింది. ప్రతి టిక్కుకీ ఆ తలుపు పూర్తిగా మూసుకుంటోంది. నా కన్నీళ్లకు ఆయన అంగీ తడిసింది.

తరువాత ఆ నల్ల ఫ్రేము మీద, తేదీ పక్కన, సంతకం పెట్టాను. అక్షరాలు వంకరపోయాయి. టీచరమ్మవై ఉండి గిదేం రాత అని వెక్కిరించారు.

వేంకటేశ్వరస్వామికి పక్కన ఇంకో మేకు కొట్టించాను. రోజూ పొద్దున దీపం పెట్టాక, ఆయన ఛాతీ మీద చెవి పెట్టి విని, నిన్నటి తేదీ తుడిచి కొత్తది వేస్తాను. ఇవాళ్టిది కూడా వేశాను.