రెప్పలు

పిడుగురాళ్లలో బస్సెక్కిన పెద్దాయన కర్రతో తడుముకుంటూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. కాసేపాగి, "అమ్మా, నా కళ్లు తెరుచుకుంటన్నయ్యేమో కాస్త చూసి చెప్పు," అన్నాడు.

సున్నపు బట్టీలో పనిచేస్తూ చూపు పోగొట్టుకున్నాడట. వేళ్ల మీది గీతల్ని కూడా ఆ సున్నమే తినేసింది. పింఛనుకు వేలిముద్ర పడటంలేదని ఫోనుకు ముఖం చూపించమన్నారు. ఆ ఫోనేమో కళ్లార్పమంటుంది.

"రెండు నెలలైంది, పడటంలా. ఇయ్యాల నరసరావుపేట ఆఫీసులో కూడా పడకపోతే పేరు తీసేస్తారంట. కళ్లు లేవని డాక్టరిచ్చిన కాయితం ఉందిగా, అది చూడరేంది?"

అతుక్కుపోయిన రెప్పల్ని బొటనవేళ్లతో పైకి లాగి నా వైపు తిరిగాడు. లోపల తెల్లటి పొర.

"ఇప్పుడు?"

"తెరుచుకున్నాయి బాబాయ్."

"చేతులు తీస్తన్నా, చూడు."

తీయగానే రెప్పలు వాలిపోయాయి.

"ఇప్పుడో?"

"ఆఁ, తెరిచే ఉన్నాయి," అన్నాను.

నరసరావుపేట వచ్చేదాకా రెప్పలు లాగుతూ, వదులుతూనే ఉన్నాడు. దిగేటప్పుడు నా చెయ్యి తడిమి పట్టుకుని, "నువ్వు చూశావుగా తల్లీ, ఇంక పడుద్దిలే," అన్నాడు.

నా ఫోను ఇప్పటికీ నా ముఖం చూడగానే తెరుచుకుంటుంది.