మస్కట్ ఎంత దూరం మామా?

మా కోరుట్లలో కారు నడిపే రాజమల్లు మామకు ఒక్కటే జబ్బు. విమానం ఎంతసేపు ఎగురుతుందో చచ్చినా నిజం చెప్పడు.

గల్ఫ్‌కు పోయేవాళ్లను శంషాబాద్‌లో దింపడం, వచ్చేవాళ్లను ఇంటికి తేవడం ఆయన పని. సాగనంపే ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటూ మస్కట్ ఎంత దూరమని అడిగితే, "గదెంత బిడ్డా, గంట. జగిత్యాల బస్సు కోసం నిలవడ్డంత సేపు" అనేవాడు. అదే మస్కట్ నుంచి మనిషి వస్తున్నాడంటే తొమ్మిది గంటలయ్యేది. నిజానికి ఎటైనా మూడు గంటల దారి. పోయేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడా అని చాయ్ హోటల్లో అందరూ ఆటపట్టించేవారు. ఎదురుగాలి ఉంటుందనేవాడు మామ, మొహంలో నవ్వన్నది లేకుండా.

బుగ్గారం పోశం దుబాయి నుంచి వచ్చిన రోజు మరీ ఘోరం. విమానం పొద్దుగూకినాక వస్తుందని మామ చెబితే నమ్మి, పోశం భార్య ఎయిర్‌పోర్టు బయట తీరుబడిగా టిఫిన్ విప్పి అన్నం కలుపుతోంది. తలెత్తితే ఎదురుగా మొగుడు. మామను తిడుతూనే ఆ ముద్ద మొగుడి నోట్లో పెట్టిందట.

మా అన్న దేవేందర్ వచ్చేనాడు మేమూ ఆ కారే మాట్లాడుకున్నాం. మస్కట్‌లో అన్న పనిచేసే కంపెనీ మూతపడింది. పాస్‌పోర్టు కంపెనీ సేటు దగ్గరే చిక్కింది. రెండేళ్లు దాక్కుని బతికి, పాస్‌పోర్టుకు బదులు ఎంబసీ ఇచ్చిన అవుట్‌పాస్ కాగితంతో వస్తున్నాడు. ఒకసారి ఇలాగే బయల్దేరితే విమానం ఎక్కనివ్వలేదు. అందుకే కళ్లారా చూసేదాకా వసంత వదినకు నమ్మకం లేదు.

మధ్యాహ్నం విమానం దిగింది. మస్కట్ వాళ్లంతా సామాన్ల బండ్లు తోసుకుంటూ వచ్చి, ఎవరి కార్లు వాళ్లెక్కి పోయారు. అన్న లేడు. మామ మాత్రం వదినను నీడకు కూర్చోబెట్టి, విమానం ఇంకా సముద్రం మీదనే ఉందని చెప్పి, నన్ను పక్కకు లాక్కుపోయాడు.

గేటు దగ్గరి పోలీసును బతిమాలాడు. బయటికొచ్చిన ప్రతివాణ్నీ ఆపి అడిగాడు. చివరికి వెల్గటూర్ మనిషొకాయన, అవుట్‌పాస్ వాళ్లను లోపల కూర్చోబెట్టి కాగితాలు చూస్తున్నారన్నాడు. వాళ్లలో మా అన్న ఉన్నదీ లేనిదీ ఆయనకు తెలియదు. మామ చొక్కా చెమటతో తడిసిపోయింది. అయినా వదిన దగ్గరికి పోయినప్పుడల్లా మొహం తుడుచుకుని, విమానాన్ని ఇంకాస్త దూరం జరిపి వచ్చేవాడు.

నాకు ఒళ్లు మండి, నిజం చెప్పరాదా అన్నాను.

"దిగిందన్నంక మనిషి అగుపడకుంటే పానం ఆగదు పిలగా. మీదనే ఉన్నదంటే గా పిల్ల గింత కుదురుగ కూసుంటది" అన్నాడు మామ.

ఆఖరికి అన్న వచ్చాడు. చేతిలో ఒక్క సంచి, మనిషి చిక్కి సగమయ్యాడు. వదిన ఉరికిపోయి ఆయన చొక్కా పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. మామ పక్కకు తిరిగి ముక్కు చీదుకుని, ఈరోజు గాలి అనుకూలించి విమానం జల్దీ వచ్చిందన్నాడు.

వదిన కళ్లు తుడుచుకుంది.

"అది దిగిందని బోర్డు మీద ఎప్పుడో చదివిన మామా."

మామ నోరు తెరిచాడు. "మరి నాకెందుకు చెప్పకపోతివి?"

"నువ్వు నా కోసం గంత తిప్పలవడి దాన్ని మీదనే ఆపుతుంటివి. నాకు దించబుద్ధి కాలే."