ఊరందరికీ నాయన

శివప్రకాశం ముఖంలో ఏముందో గుడియాత్తంలో ఎవరికీ తెలియదు. లుంగీలు నేసే ఆ తెలుగువాళ్ళ వీధిలో అలాంటి ముఖాలు ఇంటికి రెండున్నాయి: తెల్లబడ్డ మీసం, లోపలికి పోయిన బుగ్గలు, ఎవరి మీదో తెలియని కోపం. వేలూరు నుంచి వచ్చిన ఆనంద్‌రాజ్ మాత్రం ఆ ముఖం చూసి మగ్గం ముందే చతికిలబడ్డాడు. ఆయన జనం ఫోన్లలో చూసే చిన్న చిన్న వీడియోలు తీస్తాడు, అన్నీ తండ్రుల గురించే. పాత సైకిలు, చిరిగిన బనియను, తనకు తప్ప అందరికీ కొన్న పండగ బట్టలు. అవి చూసి జనం ఏడవాలి. ఏడ్చినవాళ్ళు ఊరుకోరు, ఇంకొకరికి పంపుతారు. ఆయన పొయ్యిలో పిల్లి లేచేది దానివల్లే.

మొదటి వీడియోలో శివప్రకాశానికి పని తక్కువ. పరోటా పొట్లంతో ఇంటికొచ్చి, నిద్రపోతున్న కొడుకుని లేపి, 'తిన్నావా కన్నా' అని తమిళంలో అడగాలి. కొడుకు వేషం కట్టిన పిల్లవాడు బుగ్గన సొట్టతో ముద్దుగా ఉన్నాడు. వాణ్ణి చూసేసరికి ఆయన నోట తమిళం సగంలో ఆగిపోయింది. "సాప్టియా నాయనా?" అన్నాడు.

మన ఇళ్ళలో కన్నతండ్రీ నాయనే, ముద్దొస్తే కన్నకొడుకూ నాయనే. ఇందులో వింతేమీ లేదు. కానీ తమిళంవాళ్ళు దాన్ని నైనా అంటారు, వాళ్ళకది తండ్రి ఒక్కడే. ఇక చూడండి గోల. ఈ మహానుభావుడు కొడుకులో పోయిన తండ్రిని చూసుకుంటున్నాడని ఒకరు రాశారు. ఇది పూర్వజన్మ బంధమని ఇంకొకరు. దుబాయిలో ఉన్నవాళ్ళు, మదురైలో ఉన్నవాళ్ళు, తండ్రికి ఫోన్ చెయ్యని వాళ్ళంతా కలిసి శివప్రకాశం కోసం ఏడ్చారు. బజారుకు పోతే ముక్కూ ముఖం తెలియనివాళ్ళు సొంత తండ్రిని పిలిచినట్టు అప్పా అంటూ భుజం మీద చెయ్యేసి ఫోటో దిగసాగారు.

ఒక యూట్యూబు చానెల్ పిల్ల వచ్చి, మీ నాన్న గురించి చెప్పండి అంది. తండ్రి మునియప్ప దగ్గర శివప్రకాశానికి బాగా గుర్తున్నది నడుముకు కట్టే పచ్చ బెల్టు. అది నడుము మీదకన్నా పిల్లల వీపు మీద ఎక్కువగా ఉండేది. కానీ అంత మంది చూస్తారంటే బెల్టు గురించి ఏం చెబుతాం? గంగమ్మ తలను ఊరేగించే సిరసు తిరునాళ్ళలో నాయన తనను భుజాన ఎక్కించుకుని తిప్పాడని చెప్పాడు. చెబుతూ చెబుతూ నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు.

భార్య పచ్చయమ్మ ఫోన్లో అది చూసి, చాటలో బియ్యం పక్కన పెట్టింది. "మామ నిన్నెత్తుకున్నాడా? మామ ఎత్తింది ఆ బెల్టొకటే కదప్పా" అంది. "ఊళ్ళో బిడ్డల్నంతా నాయనా అంటుండావు. మన రాజ్‌మోహన్‌ను ఒకనాడన్నా అట్ల పిలిచినావా?"

పిలవలేదు. ఒరేయ్ అన్నాడు, యాడ సచ్చినావురా అన్నాడు. మేనకోడలి పెళ్ళిలో, పంక్తిలో అందరూ తింటుండగా, వీడు మగ్గానికీ చాలడు సదువుకీ చాలడు అన్నాడు. రాజ్‌మోహన్ ఆకు మడిచి లేచిపోయాడు. వేలూరు పక్క బాగాయంలో ఫోన్లు బాగుచేసే అంగట్లో చేరాడు. అమ్మకు ఫోన్ చేస్తాడు. తండ్రి ఎత్తితే పెట్టేస్తాడు. అది శివప్రకాశాన్ని లోపల తొలుస్తూనే ఉంది. ఎవరితోనూ అనలేదు.

ఫాదర్స్ డేకి అసలు కొడుకుతోనే వీడియో తీద్దామని ఆనంద్‌రాజ్ అన్నప్పుడు ఆయన వెంటనే ఒప్పుకున్నది అందుకే. వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని నాయనా అని ఒక్కసారి అంటే చాలు. తను పిలిస్తే రాడు, కెమెరా పిలిస్తే వస్తాడేమో. అదే జరిగింది. "వీడియో కోసరమే వస్తా" అని అమ్మకు చెప్పి మరీ వచ్చాడు రాజ్‌మోహన్.

పళ్ళికొండ దగ్గర రోడ్డు పక్క హోటలు. ముందు వేడి పరోటాలు పెట్టారు, కానీ ముట్టకూడదు. కొడుకు 'తిన్నావా నాయనా' అని అడగాలి. తండ్రి 'నేను తినేసినా, నువ్వు తిను నాయనా' అనాలి. రాజ్‌మోహన్ తన ముక్క గడగడా చెప్పేశాడు. శివప్రకాశం నోరు తెరిస్తే "నేను తినేసినా, నువ్వు తినరా" అని వచ్చింది. మళ్ళీ తీశారు. మళ్ళీ అదే. ఊరి పిల్లలందరికీ పలికిన మాట సొంత కొడుకు ముందర నోటికి రాలేదు. ఎండ నెత్తికెక్కింది. పరోటాలు అట్టముక్కలయ్యాయి. ఆయన గ్లాసు మీద గ్లాసు నీళ్ళు తాగడం రాజ్‌మోహన్ చూశాడు.

"నాయనా, నిజం చెప్పు. తిన్నావా నువ్వు?" అన్నాడు. అది కెమెరాకు అడిగింది కాదు.

"యాడ తిన్నా? పొద్దున కాఫీ తాగిందే."

ఆనంద్‌రాజ్ తల పట్టుకున్నాడు. నాన్న ఆకలిగా ఉందని చెప్పకూడదు, చెబితే ఎవరూ ఏడవరు, కడుపు మాడ్చుకుని తిన్నానంటేనే నాన్న అని తమిళంలో ఓపిగ్గా బోధించాడు.

శివప్రకాశం అంతా విన్నాడు. చొక్కాకున్న మైకు పీకి బల్ల మీద పెట్టాడు. "నాకు ఆకలైతా ఉండాది. పా నాయనా, లోపల సాంబారన్నం ఉండాదంట, తిందాము" అని లేచాడు.

ఆనంద్‌రాజ్ ఎగిరి గంతేశాడు. అదే, అదే మాట, ఇంకొక్కసారి అనండి అంటూ కెమెరా ఎత్తుకుని వెంటబడ్డాడు.

శివప్రకాశం ఆగి కొడుకు వైపు చూశాడు. "ఏమన్నా నేను?"

"ఏం లేదులే," అన్నాడు రాజ్‌మోహన్. "నువ్వు పా."