పద్దెనిమిది ఆకుల పత్రి

"గడ్డికి కూడా డబ్బులా అండీ?" అని నా మొదటి ఫోటో కింద ఒకాయన రాశాడు. పక్కన నాలుగు నవ్వు బొమ్మలు. ఆయన గడ్డి అన్నది గరిక. వినాయక చవితికి వారం ముందు కోసి, కడిగి, ఇరవై ఒక్క పోచల చొప్పున పసుపు దారంతో కట్టి, స్టీలు పళ్లెంలో పెట్టి తీసిన ఫోటో అది. ఆయనది పదిహేడో అంతస్తు. లిఫ్టు దిగి, రెండు కిలోమీటర్లు నడిచి, ముళ్లలో చెయ్యి పెట్టి కోసుకుంటే ఆయనకీ ఉచితమే. ఆ మాట అప్పుడు రాయలేదు. రాసి ఉండాల్సింది.

పత్రి అమ్మడంలోకి నేను సరదాగా దిగలేదు. మా ఆయన ప్రాజెక్టు మూతపడి, ఇంకోచోట తక్కువ జీతానికి కుదురుకున్న సంవత్సరం అది. కొత్తగూడ ఫ్లైఓవరు వెనక సందులో రెండు గదుల అద్దె ఇల్లు, చదువుకునే ఇద్దరు పిల్లలు. పెద్దది పుట్టేదాకా నేను కూడా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసినదాన్నే. పదేళ్ల తర్వాత మళ్లీ ఉద్యోగం కోసం తిరిగితే, ఇంటర్వ్యూలో నాకన్నా బాగా చిన్నవాడొకడు, "మధ్యలో ఏమీ చెయ్యలేదా మేడమ్?" అని అడిగాడు. అతని చొక్కా రంగు కూడా నాకు గుర్తుంది.

ఆ ఇంటర్వ్యూ నుంచి తిరిగి వస్తూ నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో కోసం నిలబడ్డాను. అక్కడ గోడవార ఒక పెద్దావిడ గోనె మీద ఆకుకూరలు పెట్టుకుని కూర్చుంది. పొన్నగంటి, గంగవావిలి, తుమ్మికూర. అన్నీ తాజాగా ఉన్నాయి. ఎక్కడ పండిస్తారని అడిగాను.

"పండిచ్చుడేంది బిడ్డా? గదే మొలుస్తది. తెంపుకునుడే మన పని."

"ఎక్కడ మొలుస్తుంది? ఇక్కడన్నీ బిల్డింగులేగా?"

"బిల్డింగుకు బిల్డింగుకు నడుమ సందు ఉండదా?"

అలా మొదలైంది. ఆమె ఆ ఊళ్లోనే పుట్టింది. ఏ కాంపౌండు గోడ వెనక మారేడు చెట్టు బతికుందో, కట్టకుండా వదిలేసిన ఏ టవరు గుంతలో ఉత్తరేణి మొలుస్తుందో, ఏ రాళ్ల మధ్య ఉమ్మెత్త ఉంటుందో ఆమెకు తెలుసు. నాకు ఫోటోలు తియ్యడం, నలుగురికి చేరేలా రాయడం తెలుసు. వచ్చినదాంట్లో చెరిసగం అనుకున్నాం. బతుకమ్మకు తంగేడు, గునుగు పూలు, కార్తీకంలో కాయలున్న ఉసిరి కొమ్మ, ఎండాకాలంలో కుంకుళ్లు. అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడయ్యేది చవితి పత్రి.

నాది కోస్తా. మా ఊళ్లో పత్రి మా నాయనమ్మ తెచ్చేది. నాకు దాన్ని పళ్లెంలో చూడటమే తెలుసు, మొక్క మీద చూసి ఎరగను. అందుకే మొదటి ఏడాది పొరపాటు చేశాను. రోడ్డు పక్కన నడుం ఎత్తున పెరిగిన మొక్క, చీలికలు చీలికలుగా ఆకులు. మాచిపత్రి అనుకుని చేతినిండా కోసుకొచ్చాను. పెద్దావిడ చూసి, ఒక ఆకు నలిపి నా ముక్కు దగ్గర పెట్టింది.

"వాసనొస్తుందా?"

"లేదు."

"మరి? గిది వయ్యారిభామ. పశువులు గూడ ముట్టవు. దేవునికి పెడ్తవా? పో, చేతులు గడుక్కోపో. లేకుంటే పొద్దుగూకేసరికి దద్దుర్లు లేస్తయ్."

నన్ను చెరువు కట్ట కింద తడి నేలకు తీసుకెళ్లి అసలు మాచిపత్రి చూపించింది. ఆకు వెనక తెల్లగా ఉంటుంది. నలిపితే ఘాటు వాసన. ఆ రోజు నుంచి నేను కట్టే ప్రతి కట్టలోంచీ ఒక ఆకు తీసి నలిపి చూసేదాన్ని. చవితి వారమంతా నా వేళ్లకు ఆ వాసనే. చపాతీ పిండి కలిపితే పిండికీ అదే. పిల్లలు తినం అని మారాం చేసేవాళ్లు.

ఇంకో సంగతి. పూజకు చెప్పే ఆకులు ఇరవై ఒకటి. మాకు దొరికేవి పద్దెనిమిది. దేవదారు ఇక్కడెక్కడుంది? అందుకని పద్దెనిమిది రకాలేనని ముందే రాసేదాన్ని. పెద్దావిడకు అది నచ్చలేదు.

"ఇరవై ఒకటని రాయి బిడ్డా. ఎవరు లెక్కవెడ్తరు?"

"నేను పెడతాను."

"నువ్వు కొంటవా మరి?"

నవ్వాను గాని రాయలేదు.

మా పత్రి ఎక్కువగా పోయింది నానక్‌రామ్‌గూడ పక్కనున్న ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీకి. అక్కడి ఇళ్లవాళ్ల ఫోన్ గ్రూపులో నన్ను చేర్చింది నా పాత స్నేహితురాలు. ఒకప్పుడు ఆఫీసులో నా పక్క సీటు ఆమెది. నాలుగేళ్లు నా డబ్బాలోంచి గుత్తి వంకాయ తిన్న మనిషి. నేను మానేశాను, ఆమె మానలేదు. ఇప్పుడు పెద్ద హోదాలో ఉంది. నన్ను చేరుస్తూ గ్రూపులో ఇలా రాసింది: "నా ఎక్స్ కొలీగ్, పాపం, ఇంట్లో పరిస్థితి అంత బాగాలేదు, అందరూ సపోర్ట్ చేయండి." పత్రి బాగుంటుందని రాస్తే సరిపోయేది. ఆ 'పాపం' ఎందుకు? అయినా ఆర్డర్లు వచ్చాయి. రెండేళ్లు బాగా వచ్చాయి. పిల్లల ట్యూషను దాంట్లోంచే నడిచింది. నేను 'పాపం' మింగేశాను.

మధ్యలో ఒకటి చెప్పాలి. ఆ టవర్లవాళ్లే కొందరు ఒక శనివారం పొద్దున డబ్బు కట్టి మరీ ప్రకృతి నడకకు వచ్చారు. అడవి ఆకుకూరలను గుర్తుపట్టడం నేర్పుతామని ఎవరో ప్రకటించారట. ఆటోల దగ్గర పెద్దావిడ గోనె చుట్టూ చేరి ఫోటోలు తీసుకున్నారు. ఒకమ్మాయి ఆమె చేతులను మాత్రమే, దగ్గరగా తీసింది. ఒక్కరూ ఒక్క కట్ట కొనలేదు. "పెండ్లి ఫోటోలు గూడ గిన్ని దిగలె" అంది పెద్దావిడ. ఆమెకు నవ్వొచ్చింది. నాకు రాలేదు.

మూడో ఏడు చవితి రోజు సాయంత్రం గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. చిన్నపిల్లాడి ముంజేతులు, నిండా ఎర్రటి దద్దుర్లు. కింద నా స్నేహితురాలి మాటలు: "మేము తెప్పించుకున్న పత్రిలో మాచిపత్రికి బదులు వయ్యారిభామ ఇచ్చారు. మా బాబు పరిస్థితి చూడండి. తీసుకున్నవాళ్లంతా జాగ్రత్త." నా పేరు రాయలేదు. రాయనక్కరలేదు, పత్రి అమ్మింది నేనొక్కదాన్నే. వెంటనే మిగతావాళ్లు అందుకున్నారు. నాకూ అనుమానంగానే ఉందని ఒకరు. పద్దెనిమిదే ఇచ్చినప్పుడే అనుకున్నానని ఇంకొకరు. గరికను గడ్డి అన్న పదిహేడో అంతస్తాయన, బయటివాళ్లను చేర్చుకుంటే ఇంతే అని రాశాడు. నేను జవాబు టైపు చేస్తుండగానే నన్ను గ్రూపులోంచి తీసేశారు.

ఫోన్ చేస్తే ఆమె ఎత్తలేదు. పిల్లాడికి ఎలా ఉందో కూడా తెలియలేదు. "పండగ పూట వదిలెయ్. నువ్వు తప్పు చెయ్యలేదని మనకి తెలుసుగా" అన్నాడు మా ఆయన. మనకి తెలిస్తే ఏం లాభం? అన్నది అందరిలో. తప్పని ఒప్పుకోవలసిందీ అందరిలోనే. నాకు కావలసింది ఆ ఒక్కటే. అదే గ్రూపులో, అదే మనిషి, ఆ పత్రి నాది కాదని రాయాలి.

మర్నాడు వెళ్లాను. గేటు దగ్గర సెక్యూరిటీ అతను నా ఫోటో తీసుకుని, "డెలివరీయా?" అని సర్వీస్ లిఫ్టు వైపు చెయ్యి చూపించాడు. తలుపు తీసింది ఆమె అత్తగారు.

"రామ్మా, కూర్చో. మా కోడలు మీటింగులో ఉంది."

"బాబుకి ఎలా ఉందండీ?"

"తగ్గిందమ్మా, మందు రాశారు."

"పత్రి ఒకసారి చూస్తానండి."

"చూడు తల్లీ. నిమజ్జనం రేపేగా, అన్నీ అక్కడే ఉన్నాయి."

వినాయకుడి ముందు పళ్లెంలో నా మాచిపత్రి ఉంది. నా పసుపు దారం, నేను వేసిన ముడి, విప్పనైనా విప్పలేదు. ఒక ఆకు నలిపాను, గదంతా వాసన. పక్కన ఇంకో కట్ట ఉంది, రబ్బరు బ్యాండు వేసింది, సగం విడిపోయి. చిన్న చిన్న తెల్లపూలతో సహా వయ్యారిభామ. ఈలోగా ఆమె హెడ్‌సెట్ మెడలో వేసుకుని బయటికి వచ్చింది.

"ఇదెక్కడిది?" అన్నాను.

"నువ్విచ్చిందే కదా."

అత్తగారు మధ్యలో అందుకుంది. "అదేంటమ్మాయ్! పద్దెనిమిదే ఉన్నాయి, పూజ సగంలో ఆగుతుందని నువ్వే డ్రైవర్ని కొత్తగూడ పంపావుగా? వాడు రోడ్డు మీద కొనుక్కొచ్చిన కట్ట ఇది. పిల్లాడు దీన్నే పీకి ఆడుకున్నాడు. వద్దురా అని నేను మొత్తుకుంటూనే ఉన్నా."

"అత్తయ్యా, మీరు లోపలికెళ్లండి."

"ఎందుకెళ్లాలి? ఉన్నమాటేగా అన్నాను!"

ఆవిడ వెళ్లలేదు. ఆ ఇంట్లో ఆ రోజు నా వైపు మాట్లాడిన మనిషి ఆవిడొక్కతే.

"సారీ," అంది నా స్నేహితురాలు. "బాబుని చూసి కంగారుపడ్డాను. రెండు కట్టలు కలిసిపోయాయి."

"పర్లేదు. గ్రూపులో రాయి."

"రాస్తాలే."

"ఇప్పుడే రాయి."

"కాల్ మధ్యలోంచి వచ్చాను. అయినా నా మాట విను. నిన్నటిది ఈపాటికి అందరూ మర్చిపోయుంటారు. మళ్లీ రాస్తే మళ్లీ గుర్తుచేసినట్టవుతుంది. నీకే బాగుండదు."

"నాకు ఏది బాగుంటుందో నేను చెప్తున్నాగా."

ఆమె లోపలికెళ్లి ప్రసాదం పొట్లం తెచ్చి చేతిలో పెట్టింది. దాన్ని గుమ్మం పక్కన చెప్పుల అలమారా మీద పెట్టి వచ్చేశాను. దేవుడి ప్రసాదాన్ని అలా వదలకూడదని మా ఆయన తర్వాత కోప్పడ్డాడు.

తర్వాత ప్రతి శనివారం ఆమెకు ఒకే మాట పంపాను. "రాశావా?" మొదట్లో చూసేది. తర్వాత నా మెసేజీలు ఆమెకు చేరడమే మానేశాయి.

పెద్దావిడకు చెప్తే, "పోనియ్ బిడ్డా. గా గేటు కాకుంటే ఇంకో గేటు. ఒక్క మాటకు ఇంత పరేషానైతే ఎట్ల?" అంది.

"నీకేం, నిన్నెవరూ అనలేదు. పేరు పోయింది నాది."

ఆమె కూరకట్టల మీద నీళ్లు చల్లుతూ, "నా పేరు ఎవలకెర్క బిడ్డా, పోనీకి?" అంది.

ఆ మాట నన్ను ఓదార్చడానికి అందో, దెప్పడానికి అందో తెలియదు. దెప్పడానికే అనుకుని కొన్నాళ్లు ఆ దారిలో వెళ్లడం మానేశాను. ఆ కార్తీకంలో ఉసిరి కొమ్మలు అమ్మకానికి పెట్టలేదు. వేరే గ్రూపుల్లో అడిగి చూశాను. రెండు చోట్ల చేర్చుకున్నారు, మూడో చోట, "ఆ పత్రి ఆవిడేనా మీరు?" అని అడిగారు. మాట గోడలు దాటింది. దాన్ని వెనక్కి తెచ్చే మాట మాత్రం ఆ ఇంట్లోంచి బయటికి రాలేదు.

మరుసటి ఏడు చవితికి పదిరోజుల ముందు కొత్త నంబరు నుంచి ఆమే ఫోన్ చేసింది.

"ఈసారి అసోసియేషన్ తరఫున ప్రతి ఇంటికీ పత్రి ఇస్తున్నాం. నూట యాభై ఇళ్లు. ఆర్డర్ నీకే ఇప్పిద్దామనుకుంటున్నా."

"గ్రూపులో రాశావా?"

"ఇంకా అదేనా? ఏడాదైంది."

"ఏడాది నీకైంది."

"నీ మంచికోసం నలుగురితో మాట్లాడి ఒప్పించాను నేను."

"ఏం చెప్పి ఒప్పించావు? ఆ పత్రి నాది కాదని చెప్పావా?"

"అలా కాదు. ఈసారి జాగ్రత్తగా ఇస్తావని హామీ ఇచ్చాను."

అంటే ఈసారి జాగ్రత్తగా. అంటే పోయినసారి నాదే తప్పు. నన్ను సిఫారసు చేస్తూ కూడా నా మీద ఆ మచ్చను ఇంకోసారి రుద్దింది.

"ఒక్క లైను రాయి. నూట యాభై కాదు, మూడొందల కట్టలైనా ఇస్తాను."

"ఇప్పుడు సెక్రటరీ నేనే. నేనే తప్పుగా రాశానని ఎలా రాయను? కొంచెం అర్థం చేసుకో."

అర్థమైంది. వద్దని ఫోన్ పెట్టేశాను.

మా ఆయనకు చెప్తే ముందు నమ్మలేదు. "నూట యాభై ఇళ్లా?" అన్నాడు. తర్వాత, "నాతో ఒక మాట అనాల్సింది" అన్నాడు.

రెండు రోజులకు పెద్దావిడ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆ ఆర్డర్ ఆమెకిచ్చారట. నా స్నేహితురాలి డ్రైవరే వచ్చి మాట్లాడాడట. అన్ని కట్టలు ఆమె ఒక్కతే కట్టడం కుదరదు.

"రా బిడ్డా, ఇద్దరం జేద్దాం. సగం నీదే. నీ పేరు జెప్పలె, జెప్ప గూడ."

"పేరు చెప్పకుండా అయితే నేను రాను."

"పేరుతోనా ఆకు తెంపేది? చేతులతోని కదా."

టీ పెట్టి ఇచ్చాను. తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్లింది. నేను వెళ్లలేదు. కోడలిని, ఇద్దరు చుట్టాలను పెట్టుకుని నూట యాభై కట్టలూ ఆమే ఇచ్చింది. పత్రి బాగుందని అందరూ గ్రూపులో రాశారని ఆమె డ్రైవరు దగ్గర విని సంతోషంగా నాకు చెప్పింది.

ఆ దసరా దాకా మా ఆయన శనివారాలు కూడా పనికి వెళ్లాడు, పిల్లల ట్యూషను ఆపకుండా ఉండటానికి. పొద్దున్నే డబ్బా పట్టుకుని చెప్పులేసుకునేటప్పుడు నన్ను ఒక్క మాట అనలేదు. అనలేదన్నది కూడా నాకు గుర్తుంది.