పై దేశం తరఫున మా అమ్మాయి

“అది నా మాట కాదమ్మా.”

“నీ నోట్లోంచి వచ్చాక ఇంకెవరి మాటే అది?”

నాకూ మా అమ్మాయికీ మధ్య నడిచిన ఆఖరి మాటలివి. మంగళగిరి అవతల, వాళ్ళ కాలేజీ వరండాలో. అది హాస్టలు వైపు వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. నాకు సంతకం వరకే వచ్చు. మా అన్నయ్య కూతురు రాసిపెడతానంటే చెబుతున్నాను.

మా అమ్మాయి ఇంటర్నేషనల్ రిలేషన్స్ అని డిగ్రీ చదువుతోంది. మా ఊరు పామర్రు దగ్గర. అక్కడ ఎవరికి చెప్పినా “అదేం చదువు?” అంటారు. దేశాలకీ దేశాలకీ మధ్య సంగతులట అంటే మా తోడికోడలు, “ముందు మన గట్టు తగాదా తీర్చమను, తర్వాత దేశాల దగ్గరికి పోవచ్చు” అంది. నవ్వి ఊరుకున్నాను. మా ఆయన పోయాక కూడా దాని చదువు ఆపలేదు నేను.

ఆ రోజు తల్లిదండ్రుల్ని రమ్మన్నారు. పిల్లలు తలా ఒక దేశం తరఫున కూర్చుని వాదించుకుంటారట. మాలాంటి వాళ్ళకి తెలియాలని ఆ పూట తెలుగులో పెట్టారు. నది ఒకటే. పైన ఒక దేశం, కింద ఒక దేశం. మా అమ్మాయిది పై దేశం. నల్లకోటు వేసుకుని లేచింది.

“మా కొండల్లో పుట్టిన నీళ్ళండీ. కిందవాళ్ళు రెండు పంటలు పండించుకుంటూ మమ్మల్ని తాగునీళ్ళతో సరిపెట్టుకోమంటే ఎలా? గేట్లు మేం ఎత్తం” అంది. గొంతు ఖంగుమంది. చప్పట్లు కొట్టారు.

మాది శివారు భూమి. కాలవ నీళ్ళు అందరి పొలాలూ తడిశాక మాకొస్తే వచ్చినట్టు. మా అమ్మాయి ఇంటర్ చదివే ఏడు నీళ్ళు రాక నారుమడి ఎండిపోయింది. తూము తియ్యవయ్యా అని నీళ్ళొదిలే కాలవ లస్కరుని వాళ్ళ నాన్న ఎంత బతిమాలాడో, పక్కన నిలబడి చూసింది ఈ పిల్లే.

నాకు తెలీకుండానే లేచాను. “ఏమే! ఎత్తరా గేట్లు? మీ నాన్న అన్నం మానేసి గట్టుమీద కూలబడ్డాడే, అప్పుడే మర్చిపోయావా?”

హాలంతా నా వైపు తిరిగింది. వెనక ఎవరో “కింది దేశం ఆవిడ వచ్చేశారు” అని కిసుక్కుమన్నారు. మేడమ్ “కూర్చోండమ్మా, కింది దేశం వంతూ వస్తుంది” అన్నారు. మా అమ్మాయి చేతిలో కాగితం చేతిలోనే ఉంది. మిగతాది చదవకుండానే కూర్చుండిపోయింది.

వరండాలో ఆ మాటలయ్యాక మేడమ్ నా దగ్గరికొచ్చారు.

“చీటీ తీస్తే మీ అమ్మాయికి కింది దేశమే వచ్చిందండీ. తనే అడిగి మార్పించుకుంది. ‘కిందవాళ్ళ బాధ పుట్టినప్పట్నించీ వింటున్నాను, పైవాళ్ళు ఏమంటారో ఎప్పుడూ వినలేదు మేడమ్’ అంది.”

అడిగి మరీ తీసుకుందా! బస్సెక్కాను. ఉయ్యూరు దాటాక కాలవ కనబడింది. అప్పుడు తట్టింది నాకు. మా కింద కూడా ఒక పొలం చెక్క ఉంది. చర్చి పక్కన ఉండే ముసలాయనది, అరెకరం. ఆ ఏడు ఆఖరికి నీళ్ళొదిలితే మళ్ళీ నారు పోశాం. మా మడి నిండేదాకా కిందికి పోయే బోదెకి అడ్డంగా మట్టి నింపిన గోతాలు వేసింది నేను. మా ఆయన వద్దన్నా వేశాను. ముసలాయన వచ్చి, “కొంచెం వదలండమ్మా” అన్నాడు. “మాకే చాలట్లేదు పో” అన్నాను. ఆయన చెక్క ఆ ఏడు బీడే. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ అది గుర్తు రాలేదే నాకు! ఎంతసేపూ మేమే కిందవాళ్ళం అనుకుంటూ తిరిగాను.

నిన్న దాని స్నేహితురాలు ఫోను చేసింది. చదువు మానేస్తానంటోందట. “మా అమ్మ ముందే నిలబడలేకపోయాను, రేపు ఇంకెవరి ముందు నిలబడతాను?” అందట.

మానొద్దే. ఆ కాగితంలో ఇంకా ఏం రాసుకున్నావో నాకు వినాలనుంది. పైవాళ్ళు ఏమంటారో మొత్తం చెప్పు. లేచి అరవను. ఏమో, అరుస్తానేమో కూడా. అరిచినా నువ్వు ఆపకు.

ఏమ్మా కోడలా, గోతాల సంగతి రాశావా? మీ మావయ్య వేశాడని రాయలేదు కదా? నేనే వేశానని ఉండాలి. ఏదీ, దానికి పంపేముందు మొదట్నించీ ఒకసారి చదివి వినిపించు.